శనివారం తొమ్మిదింటికి మేం దొరకం!

పెళ్లయ్యాక ఆడవాళ్ల స్నేహాలు ఎక్కడికి పోతాయి? ఎక్కడికీ పోవు. ఫోన్‌లో నంబర్లుగా మిగిలిపోతాయి. పండక్కో శుభాకాంక్షల బొమ్మ, పుట్టినరోజుకో కేకు బొమ్మ. ఎప్పుడైనా ఫోన్ చేసుకున్నా "బాగున్నావా?" "బాగున్నా." "పిల్లలు?" "బాగున్నారు." ఈలోగా కుక్కర్ కూత వేస్తుంది. ఫోన్ పెట్టేస్తాం.

మా నలుగురిదీ అదే పరిస్థితి. గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో ఒకే హాస్టల్ గది మాది. నేలమీద సుద్దముక్కతో నిలువు అయిదు, అడ్డం అయిదు గళ్లు గీసుకుని, ఒకవైపు అరగదీసిన చింతగింజలతో అష్టాచెమ్మా ఆడేవాళ్లం. ఇప్పుడు ఒకరు తెనాలి, ఒకరు బెంగళూరు, ఒకరు అమెరికాలో డాలస్, నేను విజయవాడ. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఊరంతా లూడో కింగ్ ఆడుతుంటే మేమూ మొదలుపెట్టాం. ఒకరు రూమ్ తెరిచి కోడ్ పంపిస్తే మిగతా ముగ్గురం చేరిపోతాం. లాక్‌డౌన్ పోయింది, ఆట మాత్రం మిగిలింది.

"ఈ వయసులో ఆటలేమిటమ్మా!" అనుకుంటున్నారా? ఆ ఆట మాకు నేర్పినవి చెబుతాను, వినండి.

గంటసేపు మనది

మాకు శనివారం రాత్రి తొమ్మిదంటే, డాలస్‌లో పొద్దున్న పదిన్నర. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక తొమ్మిదిన్నర. పిల్లలకి టిఫిన్ పెట్టేసి వచ్చి కూర్చుంటుంది తను. మొదట్లో మావారు "పిల్లల్ని ఫోన్ ముట్టుకోనివ్వవు, నువ్వు మాత్రం..." అని దెప్పారు. మా అబ్బాయికి సరిగ్గా తొమ్మిదీ అయిదుకే దాహం వేసేది. నేను కదల్లేదు. నెల తిరిగేసరికి మంచినీళ్లు ఎక్కడుంటాయో వాడికి తెలిసిపోయింది.

"ఖాళీ దొరికినప్పుడు చూద్దాం" అనుకున్న పని ఏ ఇల్లాలికీ అవదు. ఖాళీ ఎవరూ తెచ్చివ్వరు. వంటకి, పూజకి వేళ పెట్టుకున్నట్టే దీనికీ పెట్టుకోవాలి.

మాటకో సాకు

ఫోన్‌లో అయితే మాటలు వెతుక్కోవాలి. ఆటలో ఆ అవసరం లేదు. "అమ్మో, మళ్లీ ఆరే!" "నా కాయని చంపకే తల్లీ!" అంటూ తన వంతు కోసం చూస్తున్నప్పుడు మనసులో మాట దానంతటదే జారుతుంది. అత్తగారి మోకాళ్ల ఆపరేషన్, కూతురు ముభావంగా ఉంటున్న సంగతి, ఉద్యోగం మానాలా వద్దా అన్న ఊగిసలాట... ఇవన్నీ మాకు పందెం పందేనికీ మధ్య సందుల్లోనే తెలిశాయి.

2021 మే నెలలో, కరోనా రెండో విడతలో, మా తెనాలి స్నేహితురాలి భర్త పోయారు. తనకి అప్పటికి 34 ఏళ్లు. పరామర్శకి వెళ్లే వీలు కూడా లేని రోజులవి. ఫోన్ చేస్తే "బాగానే ఉన్నానే" అనేది. ఆపైన ఏం మాట్లాడాలో మాకూ తోచేది కాదు. ఆట ఊసే ఎత్తలేదు. ఆగస్టులో ఒక శనివారం గ్రూపులో తన దగ్గర్నుంచి రూమ్ కోడ్ వచ్చింది. ఒక్క మాట లేదు, కోడ్ ఒక్కటే. నిమిషంలో ముగ్గురం చేరాం.

జాలి వద్దు

ఆ రాత్రి బెంగళూరు స్నేహితురాలు, చేతికందిన తన కాయని చంపకుండా ఇంకో కాయ జరిపింది. తను వెంటనే కనిపెట్టేసింది. "జాలిపడి వదిలేస్తే నేను ఆడనే. ఇక్కడ అందరూ జాలిపడేవాళ్లే. మీరైనా మామూలుగా ఉండండి" అంది. కాసేపటికి, ఇంటిదారి పట్టబోతున్న డాలస్ అమ్మాయి కాయని చంపేసి గట్టిగా నవ్వింది. మూడు నెలల తర్వాత ఆ నవ్వు విన్నాం.

కష్టంలో ఉన్నవాళ్లని చూసి కళ్లనీళ్లు పెట్టుకోవడం తేలికే. మునుపటిలా చూడ్డమే కష్టం. వాళ్లకి కావలసిందీ అదే.

మరో నెలకి, కాయలు జరుపుతూనే అసలు సంగతి చెప్పింది. భర్త బ్యాంకు కాగితాలున్న సంచి ఇంకా విప్పనేలేదట. కోర్టు చుట్టూ తిరగాలని ఎవరో భయపెట్టారట. బెంగళూరు అమ్మాయిది బ్యాంకు ఉద్యోగమే. "నామినీవి నువ్వేగా? మరణ ధ్రువపత్రం, క్లెయిమ్ ఫారం, నీ గుర్తింపు కార్డు పట్టుకెళ్లు. నామినీ ఉన్న ఖాతాకి వారసత్వ సర్టిఫికెట్ అక్కర్లేదు. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో తేల్చాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది" అని ధైర్యం చెప్పింది. సోమవారమే వెళ్లింది తను. "ఏమన్నా కావాలంటే చెప్పవే" అని వంద ఫోన్లు చేసినా బయటపడని మాట అది!

డబ్బు జోలికి పోవద్దు

ఇదే లూడోని డబ్బు పెట్టి ఆడించే యాప్‌లూ పుట్టుకొచ్చాయి. డబ్బు పందాల ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఎవరైనా అలాంటి లింకు పంపితే తెరవకండి. ముక్కూమొహం తెలియనివాళ్లని రూమ్‌లోకి రానివ్వకండి. మా దగ్గర ఓడినవాళ్లకి శిక్ష ఒక్కటే. ఓ కొత్త వంట చెప్పాలి!

మరి మీరో? పాత స్నేహితురాళ్లలో ముగ్గురి పేర్లు అనుకోండి. లూడో నచ్చకపోతే వైకుంఠపాళి ఉంది, క్యారమ్స్ ఉంది. ఈ వారం శుభాకాంక్షల బొమ్మ మానేసి ఓ కోడ్ పంపండి. "బాగున్నావా?" అని అడక్కండి. "వస్తున్నావా?" అని అడగండి.