నిగనిగలాడే తోటకూర... లోపల ఏముంది?

రైతుబజార్లో రెండు తోటకూర కట్టలు పక్కపక్కనే ఉన్నాయనుకోండి. ఒకటి ముదురాకుపచ్చగా, వెడల్పాటి ఆకులతో నిగనిగలాడుతోంది. రెండోది కాస్త చిన్న ఆకులతో, లేత రంగులో ఉంది. మన చెయ్యి మొదటిదాని మీదకే వెళ్తుంది. ఈ సంగతి పండించేవాళ్లకీ తెలుసు. అందుకే కొందరు కోత దగ్గర పడగానే ఇంకో గుప్పెడు యూరియా చల్లేస్తుంటారు.

యూరియాలో 46 శాతం నత్రజనే. 45 కిలోల బస్తాలో 20 కిలోలకు పైగా అదే అన్నమాట. నత్రజని చెడ్డదేం కాదు. ఆకుకు పచ్చదనాన్నిచ్చే పత్రహరితానికీ, మాంసకృత్తులకూ అది కావాల్సిందే. చాలకపోతే మొక్క పాలిపోతుంది. సరిపడా అందితే కంటికి మేలు చేసే బీటా కెరోటిన్ కూడా పెరుగుతుంది. చిక్కంతా మోతాదు మించితేనే!

తగ్గేవి ఇవీ...

విటమిన్-సి, పాలిఫినాల్స్. మొక్క ఎండలో తయారుచేసుకునే చక్కెరలే వీటికి ముడిసరుకు. నత్రజని దండిగా దొరికితే మొక్క ఆ సరుకును కొత్త ఆకులు వెయ్యడానికే ఖర్చు పెట్టేస్తుంది. పైగా ఆకులో నీరు ఎక్కువై, ఉన్న పోషకాలూ పల్చబడతాయి. పాలిఫినాల్స్ మనకు యాంటీ ఆక్సిడెంట్లయితే, మొక్కకు పురుగుల్ని ఎదుర్కొనే ఆయుధాలు. అవి తగ్గి, ఆకు మెత్తబడితే పేనుబంకకు పండగే. ఆపైన పురుగుమందు ఖర్చు!

పెరిగేది ఇదీ...

మొక్క వాడుకోలేని నత్రజని ఆకుల్లో, ముఖ్యంగా కాడల్లో నైట్రేట్‌గా పోగవుతుంది. దాన్ని మాంసకృత్తులుగా మార్చుకోవాలంటే మొక్కకు వెలుతురు కావాలి. అందుకే ముసురు రోజుల్లో నైట్రేట్ ఎక్కువ. కిలో తాజా పాలకూరలో 3,500 మిల్లీగ్రాములు మించకూడదని యూరప్ దేశాలు పరిమితి పెట్టుకున్నాయి. పెద్దవాళ్లు ఆకుకూరలకు భయపడక్కర్లేదు. ఆరు నెలల్లోపు పసివాళ్లకు మాత్రం పాలకూర గుజ్జు లాంటివి పెట్టకూడదు.

మనం ఏం చెయ్యొచ్చు?

పెరట్లో పెంచేవాళ్లు యూరియా వాడితే ఒకేసారి గుప్పించకుండా కొంచెం కొంచెంగా వెయ్యాలి. వేసిన వెంటనే కొయ్యకూడదు. బాగా ఎండ తగిలాక, సాయంత్రం పూట కోస్తే నైట్రేట్ తక్కువ ఉంటుంది. కొనేవాళ్లు కాస్త లేత రంగు కట్టను చూసి ముఖం తిప్పుకోకుంటే చాలు. అలాంటి కట్టా అమ్ముడుపోతుందని తెలిస్తే, రంగు కోసం యూరియా చల్లాల్సిన అవసరం రైతుకూ ఉండదు.