చేతిలోని జీవధార

మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్నవారికి వారానికి రెండు మూడు పర్యాయాలు డయాలసిస్ తప్పనిసరి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి ప్రాంతాలలో ఈ బాధ పల్లెపల్లెకూ తెలిసినదే. భక్తుల కుటుంబాలలోనూ ఇట్టివారు ఎందరో ఉన్నారు. డయాలసిస్ యంత్రాన్ని చూచినవారు చాలామందే గాని, దానికి రక్తాన్ని అందించే చేతిని గురించి తెలిసినవారు తక్కువ. వైద్యునిగా అట్టి చేతులను చిరకాలంగా పరీక్షిస్తున్న నేను ఆ విషయాన్ని ఇక్కడ వివరింపదలచాను.

మణికట్టు వద్ద గాని, మోచేతి వద్ద గాని ధమనిని పక్కనున్న సిరతో శస్త్రచికిత్స ద్వారా కలుపుతారు. దీనినే ఫిస్టులా అంటారు. అమెరికా వైద్యులైన బ్రెషియా, చిమినో తదితరులు 1966లో ఈ పద్ధతిని ప్రకటించారు. ధమని రక్తపు వడికి కొన్ని వారాలలో సిర వెడల్పై, గోడ దళసరియై, పదేపదే సూదులు గుచ్చడానికి అనువవుతుంది.

బాగా ఎదిగిన ఫిస్టులాలో నిమిషానికి 600 మిల్లీలీటర్లు, లేదా అంతకు మించి రక్తం ప్రవహిస్తుంది. యంత్రం లాగుకొనేది సుమారు 300. ప్రవాహం అంతకంటె తగ్గితే, శుద్ధియై వచ్చిన రక్తాన్నే యంత్రం మరల లాగుకొంటుంది. నాలుగు గంటలు పడుకొన్నా ఫలితం అరకొరయే. ఇంకా తగ్గితే రక్తం గడ్డకట్టి మార్గమే మూసుకొనిపోవచ్చును.

ఈ ప్రవాహాన్ని డాప్లర్ స్కాన్‌తో కొలుస్తాము. ఫిస్టులా సిర వంకరలు తిరిగి, లోపల రక్తం సుడులు తిరుగుతుంటుంది. కనుక మోచేతికి పైనున్న ధమని వద్ద కొలవడం మేలు. ఫిస్టులాకు చేరే రక్తం దాదాపు అంతా ఆ దారినే పోతుంది. నాళం అడ్డుకొలత 5 మిల్లీమీటర్లు, రక్తపు సగటు వేగం సెకనుకు 60 సెంటీమీటర్లు అయితే ప్రవాహం నిమిషానికి సుమారు 700 మిల్లీలీటర్లు. అడ్డుకొలతను అర మిల్లీమీటరు తక్కువగా చదివితే అదే లెక్క 570కి దిగుతుంది. అందుచేత ఒక్క అంకెను చూచి భయపడరాదు. మునుపటి కొలతతో పోల్చి చూడవలెను. ప్రవాహం 500కు లోపల ఉన్నా, నాలుగు నెలలలో నాలుగవ వంతు తగ్గినా కారణం వెదకవలసినదే. నాళం సన్నబడినచోట బెలూన్‌తో వెడల్పు చేసే చికిత్స ఉన్నది.

అయితే, అన్నిటికంటె ముందు పరీక్ష రోగి చేతిలోనే ఉన్నది. 2019 నాటి అమెరికా మార్గదర్శకాలు కూడ ఫిస్టులాను చూచి, తాకి పరీక్షించడానికే అగ్రస్థానమిచ్చాయి. ప్రతి ఉదయం ఫిస్టులాపై వేళ్లు ఆనిస్తే సన్నని కంపనం తెలుస్తుంది. చెవి ఆనిస్తే తుమ్మెద ఝుంకారం వంటి ధ్వని వినవస్తుంది. కంపనం బలహీనపడినా, చేయి వాచినా, సూది తీసినచోట రక్తం ఆలస్యంగా ఆగుతున్నా స్కాన్ అవసరమేమో వైద్యుని అడగండి. కంపనం పూర్తిగా ఆగితే ఆ రోజే, ఆ పూటే ఆసుపత్రికి చేరవలెను.

యాత్రకు వచ్చేవారికి ఒక విన్నపము. ఆ చేతికి రక్షాదారం, కంకణం, గాజులు బిగుతుగా వేసుకొనకండి. రెండవ చేతికి కట్టించుకొనండి. బరువు సంచి తగిలించకండి, తలక్రింద పెట్టి నిద్రింపకండి. ఆ చేతికి బీపీ చూడనివ్వకండి, రక్తం తీయనివ్వకండి.

దాతలకూ ఒక మాట. యంత్రాలను సమకూర్చడం పుణ్యకార్యమే. కంపనం ఆగిన వేళ ఒక పేదరోగిని పట్టణానికి చేర్చే బండి కిరాయి కూడ ప్రాణదానమే.