బ్యాంకు లాభం - బోర్డు బాధ్యత

పొందూరులో నూలు వడికే మా అమ్మకు బ్యాంకు అంటే పాస్‌బుక్కే. మేము ఎం.కాం.లో చేరామని తెలిసి ఆమె అడిగిన మొదటి మాట: "బేంకులో దాసిన డబ్బులు కూడా మునిగిపోతాయేటి బాబూ?" రెండేళ్ళు చదివాక గాని సరైన జవాబు చెప్పలేకపోయాం. తమ్ముళ్ళకూ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

బ్యాంకు మన డిపాజిట్‌ను బీరువాలో పెట్టి కూర్చోదు. తక్కువ వడ్డీకి తీసుకుని ఎక్కువ వడ్డీకి అప్పిస్తుంది. ఆ తేడాయే దాని ప్రధాన ఆదాయం. అప్పు తీసుకున్నవాడు ఏళ్ళ తరబడి తీరుస్తాడు, మనకు మాత్రం అడిగిన రోజే ఇవ్వాలి. అందుకని కొంత డబ్బు చేతిలో ఉంచుకోవాలి. దీన్నే ద్రవ్యత్వం, అంటే లిక్విడిటీ అంటారు.

మన మెస్ కమిటీ సంగతే చూడండి. చవకగా వస్తున్నాయని ఉన్న డబ్బంతా పెట్టి పప్పు, నూనె కొనేస్తే ఖర్చు తగ్గుతుంది. గ్యాస్ బండ అయిపోయిన రోజు చేతిలో పైసా ఉండదు! బ్యాంకుదీ ఇదే తంటా. నగదు ఎక్కువ ఉంచితే లాభం తగ్గుతుంది, తక్కువైతే ప్రమాదం. రిజర్వు బ్యాంకు కనీసం ఇంత ఉంచాలని నిబంధన పెడుతుంది. ఆపైన ఎంత ఉంచాలి, ఏ రంగానికి ఎంత వరకు అప్పివ్వాలి అనే విధానం డైరెక్టర్ల బోర్డుది. పరీక్షకు రాదని ఈ అధ్యాయాన్ని మేము మొదట వదిలేశాం. గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు కథ తెలిశాక మళ్ళీ తెరిచాం.

రమేష్ గెల్లి సారథ్యంలో సికింద్రాబాద్ కేంద్రంగా 1994లో మొదలైన ఆ బ్యాంకు చాలా వేగంగా ఎదిగింది. షేర్ మార్కెట్ వాళ్ళకు భారీగా అప్పులిచ్చింది. 2001లో మార్కెట్ కుప్పకూలింది. ఆ ఏడాదే గెల్లి పదవి వదిలారు. మొండి బాకీలు పేరుకున్నాయి. బ్యాంకు లెక్కల్లో సొంత మూలధనం ఉన్నట్టే కనిపించినా, అది హరించుకుపోయిందని రిజర్వు బ్యాంకు తనిఖీలో తేలింది. 2004 జూలై 24న మారటోరియం విధించారు. ఖాతాదారుడు 10,000 రూపాయలకు మించి తీసుకోవడానికి లేదు. ఆగస్టు 14న ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిట్లు దక్కాయి, వాటాదారులకు ఏమీ మిగల్లేదు.

నగదు కొరత చివర్లో బయటపడుతుంది గాని జబ్బు అప్పుల్లోనే ఉంటుంది. బాకీ రాదని తెలిస్తే ఆ నష్టానికి ఈ ఏటి లాభంలోంచే కొంత తీసి పక్కన పెట్టాలి. అలా పెడితే లాభం తగ్గి కనిపిస్తుంది, షేరు ధర పడుతుంది. ఛైర్మన్‌కు ఎదురుచెప్పలేని బోర్డు అందుకే వాయిదా వేస్తుంది. గట్టి బోర్డు ఉన్న బ్యాంకు మంచి రోజుల్లో తక్కువ లాభం చూపినా మేము దాన్నే నమ్ముతాం.

ఇక అమ్మ ప్రశ్న. బ్యాంకు మునిగినా డిపాజిట్ బీమా ఉంది. ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి లక్ష వరకు ఉండేది, 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలు చేశారు. అమ్మ విని "అయిదు లచ్చలు మనకెక్కడివి?" అని నవ్వింది. తర్వాత ట్రంకు పెట్టెలోంచి ఒక రసీదు తీసింది. ఎక్కువ వడ్డీ ఇస్తామంటే ఒక ప్రైవేటు కంపెనీలో కట్టిన డబ్బు అది. "దీనికీ ఉంటాదా?" అని అడిగింది.

అది బ్యాంకు కాదు. దానికి ఈ బీమా లేదు.