టర్బో కారులో డంప్ వాల్వు - దాని సంరక్షణ

ఈ విషయం చూడగానే "కార్లున్నవాళ్ళకు కదా ఇది, మనకెందుకు?" అని కొందరు తమ్ముళ్ళు అనుకోవచ్చును. కారు ఓనరుదే కావచ్చు గాని దాన్ని విప్పేదీ, బిగించేదీ మనవంటి ఇళ్ళ నుండి వెళ్ళిన పిల్లలే. ఐ.టి.ఐ. పూర్తిచేసి షెడ్లలో, సర్వీసు సెంటర్లలో చేరుతున్న మన సోదరులకు ఇంజను పాడైతే మొదట మాట పడేదీ, ఒక్కోసారి జీతంలో కోత పడేదీ తామే అన్న సంగతి బాగా తెలుసు. అందుచేత ఈ చిన్న భాగాన్ని గురించి మాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాము.

ముందు టర్బో అనగా ఏమిటో చూద్దాం. ఇంజను నుండి పొగగొట్టం గుండా వృథాగా పోయే వేడి వాయువులతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీద రెండవ కొసనున్న మరో చక్రంతో బయటి గాలిని నొక్కి ఇంజనులోకి పంపటమే టర్బో పని. స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూహి దీనికి 1905లో పేటెంటు పొందాడు. ఈ చక్రాలు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతాయి. మామూలు కారులో ఇది కలిగించే అదనపు ఒత్తిడి సుమారు 7 నుండి 15 పి.ఎస్.ఐ. వరకు ఉంటుంది.

గేరు మార్చటానికి డ్రైవరు యాక్సిలరేటరు మీద నుండి కాలు తీయగానే థ్రాటిల్ మూత పడుతుంది. కాని టర్బో చక్రం వెంటనే ఆగదు కదా! అది తోసిన గాలికి ముందుకు దారి లేక, వెనక్కు తిరిగి చక్రాన్నే తన్నుతుంది. అప్పుడు పావురం రెక్కలు కొట్టుకున్నట్టు టపటపమని చప్పుడు వస్తుంది. ఆ గాలిని మధ్యలోనే వదిలేసే తలుపు వంటిదే ఈ వాల్వు. కంపెనీ అమర్చిన వాల్వు ఆ గాలిని తిరిగి టర్బో ముందున్న పైపులోకే పంపుతుంది. బయట కొని బిగించే డంప్ వాల్వు మాత్రం దాన్ని 'బుస్స్' మని బయటికి వదులుతుంది. ఆ బుసకొట్టే చప్పుడు కోసమే బ్రిటన్, జపాన్ దేశాలలో సుబారు ఇంప్రెజా, నిస్సాన్ స్కైలైన్ వంటి కార్ల కుర్రకారు దీన్ని మోజుపడి పెట్టించుకున్నారు. మన దేశంలో స్కోడా ఆక్టేవియా ఆర్.ఎస్. 2004లోనే టర్బో పెట్రోలుతో వచ్చింది. తరువాత పోలో, నెక్సాన్ మొదలైనవి వచ్చాక ఈ సరదా ఇక్కడికీ పాకింది. డీజిలు బండికి దీని అవసరం లేదు. ఎందుకనగా అందులో వేగాన్ని అదుపు చేసేది డీజిలును తగ్గించి, గాలిని ఆపి కాదు. డీజిలు బండికి బిగించేది ఒట్టి చప్పుడు కోసమేనని మా అభిప్రాయం.

వాల్వు లోపల ఒక పిస్టను, దానిపైన ఒక స్ప్రింగు, చుట్టూ ఓ-రింగులు ఉంటాయి. పిస్టను పైభాగానికి ఇంజను మానిఫోల్డు నుండి సన్నని వ్యాక్యూమ్ పైపు వస్తుంది. కారు లాగుతున్నంతసేపు పైనా కిందా ఒకే ఒత్తిడి కనుక స్ప్రింగు దాన్ని మూసి ఉంచుతుంది. థ్రాటిల్ మూసుకోగానే పైన సక్షన్ ఏర్పడి పిస్టను లేస్తుంది.

ఇక అసలు సంగతి. ఇంజను నుండి వచ్చే ఆయిలు ఆవిరి గాలిపైపులో చేరుతుంది. దానికి మన రోడ్ల దుమ్ము తోడైతే పిస్టను చుట్టూ నల్లని జిగురు పేరుకుంటుంది. పిస్టను అంటుకుపోవటానికి ఎక్కువసార్లు ఇదే కారణం. కాబట్టి ఇంజను ఆయిలు మార్చినప్పుడల్లా వాల్వును కూడా విప్పి చూడటం మంచి అలవాటు. ఇంజను పూర్తిగా చల్లారనివ్వాలి, టర్బో పక్కన చెయ్యి కాలితే తోలు ఊడుతుంది. అడ్జస్టు స్క్రూ ఉంటే ఎన్ని చుట్లు బిగించి ఉందో ముందే కాగితం మీద రాసుకోవాలి. సర్క్లిప్ తీసేటప్పుడు మూతను బొటనవేలితో అదిమి పట్టుకోకపోతే స్ప్రింగు ఎగిరి కంటికి తగులుతుంది.

లోహపు భాగాలను బ్రేక్ క్లీనరుతో కడిగి, పోగులు రాలని గుడ్డతో తుడవాలి. ఓ-రింగులను మాత్రం పెట్రోలులో, కిరసనాయిలులో నానబెట్టకూడదు, కొన్ని రకాల రబ్బరు ఉబ్బిపోతుంది. పిస్టనును ఎమెరీ కాగితంతో రుద్దటం చాలామంది చేసే పని. ఆ గీతల గుండానే తరువాత గాలి కారుతుంది. చిట్లిన ఓ-రింగును మార్చి, తయారీదారు చెప్పిన గ్రీజునే పలుచగా, వేలికి తడి అంటినంత మాత్రమే రాయాలి. గ్రీజు ఎక్కువైతే దుమ్మును పట్టి మళ్ళీ జిగురే తయారవుతుంది.

పని చేస్తున్నదా లేదా చూడటానికి ఖరీదైన పంపు అక్కరలేదు. మెడికల్ షాపులో దొరికే పెద్ద సిరంజిని వ్యాక్యూమ్ పైపు కొసకు తగిలించి లాగితే పిస్టను లేవాలి, లాగి పట్టుకున్నంతసేపు నిలవాలి, వదలగానే గట్టిగా మూసుకోవాలి. ఇంజను ఐడిలింగులో ఉన్నప్పుడు వాల్వు మూతి కంటే పెద్ద కాగితం ముక్కను గట్టిగా పట్టుకుని దగ్గర ఉంచితే అది లోపలికి లాగబడకూడదు. లాగబడితే స్ప్రింగు మెత్తగా ఉన్నదన్నమాట. అప్పుడు ఫిల్టరు గుండా రాని దుమ్ముగాలి నేరుగా ఇంజనులోకి పోతుంది. సిలిండర్లు అరిగేది ఇలాగే.

కారు లాగటం లేదు, ఐడిలింగు పైకీ కిందికీ ఊగుతున్నది అంటే ముందు వాల్వును కాక, ఆ సన్నని పైపును చూడాలి. వేడికి పగిలినా, క్లిప్పు జారి ఊడినా ఇదే లక్షణం. కాలు తీసినప్పుడు బుస పోయి టపటప మొదలైతే వాల్వు మూసుకుని అంటుకుపోయిందని గ్రహించాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా కొన్ని కార్లు కాలు తీయగానే నల్లపొగ వదిలి ఆగిపోతాయి. గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో మీటరు టర్బోకు ముందు ఉన్న కార్లలో ఇది సహజం. కొలిచిన గాలి బయటికి పోయింది, కంప్యూటరు మాత్రం దానికి తగ్గ పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ప్లగ్గులు నల్లబడతాయి, క్యాటలిటిక్ కన్వర్టరు చెడుతుంది. ఇది ఎంత శుభ్రం చేసినా పోని జబ్బు. ఇటువంటి కారుకు గాలిని తిరిగి లోపలికి పంపే రకమే బిగించాలని ఓనరుకు ముందే చెప్పాలి, బిల్లు మీద రాసి సంతకం తీసుకుంటే ఇంకా మంచిది. విప్పిన కంపెనీ వాల్వును సంచిలో కట్టి ఆయన చేతికే ఇవ్వాలి.