మీకు తెలుసా? బరువే బలమయ్యే ఆట ఒకటుంది

ఆడపిల్ల కాస్త ఒళ్లు చేస్తే చాలు, ‘అన్నం తగ్గించమ్మా’ అని చెప్పేవాళ్లు ఇంటింటికీ తయారవుతారు. మోతెలో అయినా, కోదాడ, మిర్యాలగూడల్లో అయినా ఆటల పీరియడ్‌లో ఆ పిల్లను జట్టులోకి చివర్న పిలుస్తారు. అలాంటి పిల్లలు దర్జాగా నిలబడే విభాగం ఒలింపిక్స్‌లో ఉంది. అదే జూడో హెవీవెయిట్.

● పైన హద్దు లేదు. ఆడవాళ్ల జూడోలో 48, 52, 57, 63, 70, 78 కిలోల లోపు ఆరు విభాగాలున్నాయి. ఏడోది 78 కిలోలు దాటినవాళ్లది. మిగతావాళ్లు తూకం రోజు దగ్గరపడితే తిండీ నీళ్లూ తగ్గించుకుని అవస్థ పడతారు. హెవీవెయిట్ వాళ్లకు ఆ బాధ లేదు.

● అలాగని బరువొక్కటే చాలదు. ఒక చేత్తో ఎదుటి మనిషి కాలరు, ఇంకో చేత్తో మోచేతి దగ్గర చొక్కా గట్టిగా పట్టుకోవాలి. లాగుతూ, నెడుతూ ఆమె బరువంతా ఒక్క మడమ మీదకి వచ్చేలా చేయాలి. సరిగ్గా ఆ క్షణంలో ఆ కాలిని వెనక నుంచి కొట్టేస్తే మనిషి వెల్లకిలా పడుతుంది. వీపు ఆనేలా, వేగంగా, బలంగా పడిందా, ‘ఇప్పోన్’ అంటారు. ఆట అక్కడితో సరి. కింద పడేసి 20 సెకన్లు లేవనీయకుండా అదిమి పట్టినా గెలుపే. గడువు నాలుగు నిమిషాలున్నా ఫలితం నాలుగు సెకన్లలో తేలిపోవచ్చు.

● గెలిచిన పతకం వెనక్కి ఇచ్చేయమన్నారు! 1959లో న్యూయార్క్ రాష్ట్రంలో జరిగిన వైఎంసీఏ జూడో పోటీల్లో రస్టీ కానోకోగి అనే యువతి మగవేషంలో బరిలో దిగి గెలిచింది. ఆడమనిషని తేలగానే పతకం తీసేసుకున్నారు. ఆమె ఊరుకోలేదు. 1980లో ఆడవాళ్ల తొలి ప్రపంచ జూడో పోటీలను న్యూయార్క్‌లోనే జరిపించింది. మగవాళ్ల జూడో 1964లోనే ఒలింపిక్స్‌లో చేరితే, ఆడవాళ్లకు పూర్తి స్థాయి పతకాలు 1992లో బార్సిలోనాలో గానీ రాలేదు. వైఎంసీఏ 2009లో, యాభై ఏళ్ల తర్వాత, కానోకోగికి మళ్లీ పతకం ఇచ్చి గౌరవించింది.

● మన దేశపు హెవీవెయిట్ తులికా మాన్. ఢిల్లీ అమ్మాయి. తండ్రి చిన్నప్పుడే పోయారు. తల్లి పోలీసు ఉద్యోగం చేస్తూ ఒంటిచేత్తో పెంచింది. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల సెమీస్‌లో తులిక మొదట వెనకబడింది. అయినా తేరుకుని న్యూజిలాండ్ క్రీడాకారిణి సిడ్నీ ఆండ్రూస్‌ను మూడు నిమిషాల్లోపే ఓడించింది. ఫైనల్లో స్కాట్లాండ్‌కు చెందిన సారా ఆడ్లింగ్టన్ మీద చాలాసేపు తులికదే పైచేయి. ఇంకో 30 సెకన్లు నిలబడితే స్వర్ణం. అంతలో ఒక్క పట్టు సడలింది, ఆడ్లింగ్టన్ ఎత్తి పడేసింది. రజతం దక్కింది. 2024 పారిస్ ఒలింపిక్స్ జూడోలో భారత్ తరఫున వెళ్లింది తులిక ఒక్కతే. తొలి రౌండ్‌లో అర నిమిషంలోపే ఓడిపోయింది.

● ఓడించింది ఎవరనుకున్నారు? క్యూబాకు చెందిన ఇడాలిస్ ఓర్టిజ్. 2008 బీజింగ్‌లో కాంస్యం, 2012 లండన్‌లో స్వర్ణం, 2016 రియోలో రజతం, 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో మళ్లీ రజతం. వరసగా నాలుగు ఒలింపిక్స్, నాలుగు పతకాలు! మధ్యలో 2013, 2014లో ప్రపంచ విజేత కూడా. అలాంటి మనిషికి ఎదురు నిలబడే అర్హత సంపాదించడమే చిన్న విషయం కాదు. తులిక ఓటమిని ఆ లెక్కలో చూడాలి.

● ఒకసారి చేజారితే ఆట అయిపోయినట్టు కాదు. బ్రెజిల్‌కు చెందిన బియాట్రిజ్ సౌజాకు టోక్యో వెళ్లే అవకాశం దక్కలేదు. ఆ చోటు తన దేశానికే చెందిన మరో హెవీవెయిట్‌కు వెళ్లింది. మూడేళ్లు కష్టపడి సౌజా పారిస్‌లో అడుగుపెట్టింది. తొలి ఒలింపిక్స్‌లోనే స్వర్ణం కొట్టింది. ఆ క్రీడల్లో బ్రెజిల్‌కు అదే మొదటి స్వర్ణం.

● బరువు గురించిన మాటలు మన తెలుగమ్మాయికీ తప్పలేదు. శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి ఆట జూడో కాదు, వెయిట్‌లిఫ్టింగ్. 1994, 1995లో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయిన ఆమె సిడ్నీ ఒలింపిక్స్ నాటికి 69 కిలోల విభాగానికి మారింది. బరువు పెరిగిందని, పని అయిపోయిందని విమర్శించారు. 2000 సెప్టెంబరు 19న ఆమె మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ ఆమే.

అందుకే అమ్మానాన్నలకూ, పీఈటీ సార్లకూ, మేడమ్‌లకూ ఒక విన్నపం. లావుగా, బలంగా ఉన్న ఆడపిల్లను చూసి ముందు తిండి సంగతి ఎత్తకండి. ‘ఏ ఆట ఆడతావమ్మా?’ అని అడగండి. జూడో స్కూల్ గేమ్స్‌లో ఉంది, ఖేలో ఇండియాలోనూ ఉంది. శిక్షణ ఎక్కడ దొరుకుతుందో జిల్లా క్రీడల అధికారిని అడిగి తెలుసుకోండి. రేపు జూడో హెవీవెయిట్‌లో భారత్ పక్కన మన సూర్యాపేట జిల్లా పిల్ల పేరు ఎందుకు ఉండకూడదు?