పాత రికార్డుల నకళ్లకు ఏ సాధనం మేలు?

తాతల నాటి ఓడ కాగితాల ఫొటోలు, రామభజనల రికార్డింగులు నేడు మన ఇళ్లలో కంప్యూటర్లలోనే ఉన్నవి. పాడినవారిలో చాలామంది లేరు. వాటికి వేరొక డిస్కులో నకలు తీయుట ఎంత అవసరమో, ఆ నకలు అసలుతో సరిపోయినదా అని చూచుట కూడ అంతే అవసరము. మౌస్‌తో లాగి వేసినప్పుడు విండోస్ ఈ రెండవ పని చేయదు.

విండోస్ వాడేవారికి నేను టెరాకాపీ మంచిదంటాను. అందులో ‘వెరిఫై’ ఎంచుకుంటే, నకలును మళ్లీ చదివి, దాని చెక్‌సమ్‌ను అసలు ఫైలు చెక్‌సమ్‌తో పోల్చుతుంది. చెక్‌సమ్ అంటే ఫైలులోని సమాచారమంతటి నుండి లెక్కకట్టిన గుర్తు. ఒక్క బిట్టు మారినా అదీ మారుతుంది. ఆ చెక్‌సమ్‌లను ఒక ఫైలుగా దాచుకొని, ఏటేటా ఉగాదికి డిస్కును సరిచూడవచ్చు. తేడా కనబడితే చెక్‌సమ్ బాగుచేయలేదు. అందుకే ఇంకొక నకలు బంధువుల ఇంట ఉండాలి.

విండోస్‌తోనే వచ్చే రోబోకాపీ గట్టిదే కాని చెక్‌సమ్ చూడదు. పైగా దాని ‘మిర్’ ఆజ్ఞ అసలులో లేని ఫైళ్లను నకలు నుండి తుడిచివేస్తుంది. ఇంట్లో పిల్లలు పొరపాటున చెరిపిన పాట అక్కడా పోతుందన్నమాట! లినక్స్‌వారి ఆర్‌సింక్ మామూలుగా పరిమాణము, తేదీ మాత్రమే పోల్చుతుంది. ‘చెక్‌సమ్’ ఎంపిక చేర్చితేనే లోపలి సమాచారం చూస్తుంది.