తెరమీద తెలుగు మాట

విజయవాడ గవర్నర్‌పేట అచ్చుకూటములలో కంపోజిటరు సీసపు అక్షరములను ఏరి కూర్చుట చూచినవారికి, కంప్యూటరు తెరపై మాట వెలయు విధము వింతగా తోచును. అచ్చయిన పుట మరి మారదు. వెబ్ పుట యట్లు గాదు. చదువరి చూచుచుండగనే అందలి మాట మారవచ్చును. ఈ పని చేయు భాష జావాస్క్రిప్టు. దీనిని 1995లో నెట్‌స్కేప్ సంస్థయందు బ్రెండన్ ఐక్ పది దినములలో రూపొందించెను.

మాటను పుటపై నుంచుటకు తొలి మార్గము 'డాక్యుమెంట్ రైట్' అను ఆజ్ఞ. పుట సిద్ధమగుచుండగా దీనిని ప్రయోగించినచో మాట ఆ చోటనే చేరును. పుట పూర్తియైన పిదప ప్రయోగించినచో మాత్రము, ఉన్నదంతయు తుడిచిపెట్టుకొనిపోయి క్రొత్తమాట యొక్కటే మిగులును. బిగించిన ఫారమును బోర్లించుట వంటిది.

అంతకంటె మేలైన పద్ధతి, పుటలో ఒక గడికి పేరిడి, ఆ గడిలోని పాఠమును మాత్రమే మార్చుట. ఇందుకు రెండు సాధనములు కలవు. 'టెక్స్ట్ కంటెంట్' ఇచ్చిన మాటను మాటగనే చూపును. 'ఇన్నర్ హెచ్.టి.ఎమ్.ఎల్.' అందలి గుర్తులను పుటనిర్మాణపు ఆజ్ఞలుగా గ్రహించును. అపరిచితులు పంపిన వ్రాతను ఈ రెండవ దానికి అప్పగించినచో, అందు దాగిన దురాజ్ఞ చదువరి బ్రౌజరులో నెరవేరి, అతని ఖాతా పరులపాలు కావచ్చును. కావున పరుల వ్రాతకు మొదటిదే శ్రేయము.

ఈ భాష తెలుగువారికి చేసిన మేలునకు 'లేఖిని' మంచి నిదర్శనము. నాగార్జున వెన్న రచించిన 'పద్మ' ఆధారముగా వీవెన్ దీనిని 2006లో వెలయించెను. పై గడిలో ఏ, ఎమ్, ఎమ్, ఏ అను ఆంగ్లాక్షరములు నొక్కగనే, క్రింది గడిలో 'అమ్మ' ప్రత్యక్షమగును. ఈ మార్పు చదువరి బ్రౌజరులోనే జరుగును. తెలుగు మీటల పలక లేని వారును ఇట్లు తెలుగు వ్రాయగలిగిరి.

ఒక్క జాగ్రత్త అవసరము. 'అమ్మ' మన కంటికి రెండక్షరములు. జావాస్క్రిప్టు లెక్కకు నాలుగు. అకారము, మకారము, పొల్లు, మరల మకారము. స్థలము చాలదని మూడింటితో కోసినచో 'అమ్' మాత్రమే మిగులును. 'తెలుగు' అను మాటకు లెక్క ఆరు. మూడింటితో కోసినచో 'తెల' యగును. ఆంగ్లమునకు వ్రాసిన ప్రోగ్రాము తెలుగు పేరును ఇట్లు వికృతము చేయగలదు. కావున పాఠమును కుదింపవలసి వచ్చినపుడు మాటల నడుమనున్న ఖాళీ వద్దనే ఆపుట మంచిది. పేరును కోయుటకంటె గడిని వెడల్పు చేయుట మేలు.